దామెర్ల రామారావు: రాజమహేంద్రవరం చిత్రకళ

దామెర్ల రామారావు గురించి రాయమంటే చాలామంది విద్యార్థులు ‘స్వదేశీ ఉద్యమ ప్రభావం’ అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. అది తప్పు కాదు, కానీ చాలదు. ఎందుకో చూద్దాం.

ఆయన 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచితో మరణించాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. చదువు ముగిశాక దక్కినవి నాలుగైదేళ్లే. ఈ లెక్కను మనసులో ఉంచుకోండి.

రామారావు ప్రతిభను గుర్తించినవాడు స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి సర్ జె.జె. కళాపాఠశాలలో చేరాడు. వలస పాలనలో పనిచేసిన ఆంగ్లేయులందరినీ ఒకే గాటన కట్టేముందు కూల్డ్రేను ఒకసారి తలచుకోవడం మంచిది.

అప్పటికి చిత్రకారుల ముందు రెండు దారులున్నాయి. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు పాశ్చాత్య పద్ధతిని కాదని, పలుచని నీటిరంగులు పొరలుగా వేసి కడిగే ‘వాష్’ పద్ధతిని చేపట్టారు. బొంబాయిలో మనిషిని ఎదుట నిలబెట్టి గీయడం, శరీర నిర్మాణం, వెలుగునీడలు నేర్పేవారు. మన ప్రాంతంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ బెంగాల్ పద్ధతి నేర్పాడు. కూల్డ్రే శిష్యుడే అయిన అడివి బాపిరాజు అక్కడ చేరాడు. (తర్వాతి కాలంలో సినిమాలకు కళాదర్శకత్వం వహించింది ఈ బాపిరాజే.)

రామారావు ఏ ఒక్క దారికీ పూర్తిగా కట్టుబడలేదు. పేరు తెచ్చిన ‘ఋష్యశృంగ బంధనం’ చూడండి. స్త్రీని ఎరుగని మునికుమారుడి కథ పురాణానిది. దేహాలు గీసిన చెయ్యి మాత్రం బొంబాయిలో సాధన చేసినది. స్వదేశీయత ఇతివృత్తానికి సంబంధించినదా, గీసే పద్ధతికి సంబంధించినదా? పరీక్షలో ఈ ప్రశ్న అడగకపోవచ్చు గాని, ఆయన్ని అర్థం చేసుకోవాలంటే మీరు వేసుకోవలసినది ఇదే.

1923లో ఆయన రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల స్థాపించాడు. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. కుటుంబ స్త్రీలు కుంచె పట్టడం ఆనాడు చిన్న విషయం కాదు. పాఠ్యగ్రంథాలు దీన్ని ఒక్క ముక్కలో దాటవేస్తాయి. రెండేళ్లకే స్థాపకుడు పోయినా, ఆ కళాశాల బరువును మిత్రుడు వరదా వెంకటరత్నం భుజాన వేసుకున్నాడు.

రామారావు చిత్రాలు ఆ ఊళ్లోనే ఆయన పేరిట ఉన్న చిత్రకళామందిరంలో ఉన్నాయి. వెళితే రంగుల బొమ్మలకంటే ముందు పెన్సిలు గీతలు చూడండి.