పులుల లెక్క: సరిస్కా నేర్పిన పాఠం

1972లో దేశమంతటా జరిపిన తొలి గణనలో మన అడవులలో మిగిలిన పులులు 1827 మాత్రమేనని తేలింది. సంస్థానాధీశులు, ఆంగ్లేయ అధికారులు సాగించిన వేట, సేద్యానికీ కలపకూ అడవులను నరికివేయడం ఈ క్షీణతకు ప్రధాన కారణాలు. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న కార్బెట్ జాతీయ వనంలో 'ప్రాజెక్ట్ టైగర్' ప్రారంభమైంది. తొమ్మిది అభయారణ్యాలతో మొదలైన ఈ పథకానికి కైలాస్ సంఖలా తొలి సంచాలకులు. పులుల సంఖ్య పెరిగినట్లు నివేదికలు వెలువడ్డాయి. 2001-02లో అధికారిక లెక్క 3642.

ఈ లెక్కకు ఆధారం నేలపై పడిన పాదముద్ర. సిబ్బంది దానిని గాజు పలకపై గీసి, కాగితంపైకి దించి, ముద్రల తేడాలను బట్టి పులులను లెక్కించేవారు. అయితే ఇసుకలోనూ బురదలోనూ ఒకే పులి అడుగు వేర్వేరుగా పడుతుంది. గీసే చేతిని బట్టి కూడా ముద్ర మారుతుంది.

ఈ లోపం రాజస్థాన్‌లోని సరిస్కాలో బయటపడింది. 1978 నుంచి పులుల రక్షిత ప్రాంతంగా ఉన్న ఆ అడవిలో పదికి మించి పులులున్నట్లు 2004 లెక్కలు చెప్పాయి. 2005లో వెతికితే ఒక్కటీ కనిపించలేదు. చర్మం కోసం, ఎముకల కోసం వేటగాళ్లు వాటిని హతమార్చారు. కాగితంపై పులులు క్షేమంగా ఉండడం వల్ల అడవిలో జరుగుతున్న నష్టం సకాలంలో గుర్తింపునకు రాలేదు.

ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ సునీతా నారాయణ్ అధ్యక్షతన కార్యదళాన్ని నియమించారు. లెక్కింపు పద్ధతిని మార్చాలనీ, అడవిని ఆశ్రయించి బతికే ప్రజలకు సంరక్షణలోనూ దాని ఫలాలలోనూ భాగం కల్పించాలనీ ఆ దళం సూచించింది. 2006లో చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను నెలకొల్పారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు గనుక అడవిలో అమర్చిన కెమెరాల చిత్రాలు లెక్కకు ఆధారమయ్యాయి. 2006 అంచనా 1411. పద్ధతులు వేరు గనుక రెండు లెక్కల నడుమ తేడా అంతా మరణించిన పులులదే అనలేము. అయితే వాస్తవం ఎంత కఠినమో దేశానికి తెలిసింది.

2008లో రణథంబోర్ నుంచి హెలికాప్టర్‌లో తెచ్చిన పులితో సరిస్కా పునరుద్ధరణ మొదలైంది. మన నల్లమలలో అడవి ఆనుపానులు తెలిసిన చెంచులు కాపలా విధులలో పాల్గొంటున్నారు. 2022 అంచనా ప్రకారం దేశంలో పులుల సగటు సంఖ్య 3682. ఈ వృద్ధి హర్షదాయకమే. అయితే లెక్క నిజమైనప్పుడే రక్షణ నిజమవుతుందన్న సరిస్కా పాఠాన్ని విస్మరించరాదు.