అద్దుడు కాగితం మీద చుక్క

పొద్దున ఆరున్నర. విజయవాడ ఆటోనగర్‌లో షట్టర్లు ఇంకా సగమే లేచాయి. మీ కారు రాత్రంతా ఈ షెడ్డు ముందే నిలబడి ఉంది. తాళం తిప్పకండి, ముందు బానెట్ ఎత్తండి. డిప్‌స్టిక్ లాగి, బనియన్ గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీయండి. పై గీత దాకా పోసిన సింథటిక్ ఆయిల్, ఎనిమిది వేల కిలోమీటర్ల తర్వాత పావు వంతు దిగింది. చాలా కార్లలో పై గీతకూ కింది గీతకూ మధ్య దాదాపు లీటరు. అంటే పావు లీటరు తాగిందన్నమాట. పర్వాలేదు.

"నల్లగా అయిపోయిందే!" అని మీ నోటివెంట వచ్చేసింది కదూ? అందరం అక్కడే బోల్తా పడతాం. ఇంజిన్‌లోని మసిని కడిగి తనలో కలుపుకోవడం ఆయిల్ పని. పని చేసిన చేతికి మట్టి అంటదా? రంగు వదిలేసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే అనుమానించాలి. రోజూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేసే బళ్లలో ఇది మామూలే. మీ దాంట్లో లేదు.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. టకటకమని ఒక్క క్షణం, ఆ వెంటనే సద్దుమణిగింది. రాత్రి కిందికి జారిన ఆయిల్ పైదాకా ఎక్కేసింది. డబ్బా మీద 5డబ్ల్యూ-30లో ఆ 5 చలిలో పారే గుణానికి గుర్తు. మన మే నెలకు అసలు పరీక్ష 30తోనే, అది వంద డిగ్రీల వేడిలో చిక్కదనం. కొత్త ఆయిల్ పోసిన వారం బండి ఎవరికైనా మెత్తగానే నడుస్తుంది. అందుకే ఆ మెత్తదనాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇంజిన్ వేడెక్కాక ఆపి, మెకానిక్ డిప్‌స్టిక్ కొసనుంచి అద్దుడు కాగితం మీద ఒక్క చుక్క వదిలాడు. దాన్ని గాజుగ్లాసు మూతిమీద పరిచి టీకి వెళ్లాడు. చుక్క నడుమ నల్లగా గడ్డకట్టి, అంచు గీసినట్టు ఆగిపోతే మసిని మోసే శక్తి అయిపోయినట్టు.

మధ్యాహ్నం వచ్చి చూడండి. నలుపు అంచు లేకుండా బూడిద రంగులోకి పాకి, చుట్టూ లేత గోధుమ వలయమైంది. కాగితాన్ని వెలుగుకు పట్టి మెకానిక్ అన్నాడు:

"పదివేలకు తీసుకురండి సార్. ఈలోపు ఏడాది నిండితే మాత్రం అప్పుడే వచ్చేయండి."