తలుపులు తెరిచే ఉన్నాయి

లండన్ బ్రిడ్జి దాటి థేమ్స్ దక్షిణ గట్టుకు వస్తే టూలీ స్ట్రీట్. విక్టోరియా రాణి కాలంలో అక్కడ గిడ్డంగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నది పొడవునా నిలిచి ఉండేవి. ఒకవైపు ఓడలు, ఇంకోవైపు బండ్లు, నడుమ అంతస్తు మీద అంతస్తుగా సరుకు: టీ పెట్టెలు, పంచదార, బియ్యం, పత్తి, కొవ్వు పీపాలు, సురేకారం, బెంగాల్ నుంచి వెళ్లిన జనపనార. ఆ గిడ్డంగుల్లో కాటన్స్ వార్ఫ్ ఒకటి. కట్టినవాళ్లకు నిప్పు భయం తెలియక కాదు. అడ్డుగోడలు లేపారు, దారుల దగ్గర ఇనుప తలుపులు బిగించారు, ఎక్కడ అంటుకున్నా మంట అక్కడే ఆగాలని.

1861 జూన్ 22, శనివారం సాయంత్రం అంటుకుంది. నార కట్టల్లో లోలోపలే వేడి పుట్టి రాజుకుందని అనుకున్నారు. ఆ వేళ ఇనుప తలుపులు మూసి లేవు. ఈ కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. గోడలున్నాయి, తలుపులున్నాయి, లాగి మూసే చెయ్యే లేకపోయింది. మంట గది నుంచి గదికి, గిడ్డంగి నుంచి గిడ్డంగికి పాకింది. కరిగిన కొవ్వు నదిలోకి పారి నీళ్ల మీద కూడా మండింది. గట్ల మీద, వంతెన మీద వేలమంది నిలబడి చూశారు.

ఆర్పడానికి వచ్చిన దళానికి అధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. ఎడిన్‌బరోలో ఇరవై నాలుగేళ్లకే ఆ బాధ్యత మోసినవాడు. 1833 నుంచి లండన్‌లో బీమా కంపెనీలు కలిసి నడిపిన దళం ఆయన చేతిలోనే ఉంది. పోత ఇనుప స్తంభాలూ దూలాలూ వాడితే భవనాన్ని నిప్పేమీ చేయలేదని జనం నమ్ముతున్న రోజుల్లో, అది ఒట్టి భ్రమ అని 1849లో ఇంజనీర్ల సభలోనే చెప్పాడు. వేడికి ఇనుము సాగి గోడల్ని బయటికి తోస్తుంది. ఎర్రగా కాలిన దూలం మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. ఒక స్తంభం పోతే పైనున్న అంతస్తులన్నీ దాని వెంటే వస్తాయి. అలాంటి కట్టడంలోకి మనుషుల్ని పంపడమంటే వాళ్ల ప్రాణాలతో పందెం కాయడమేనని ఆయనకు తెలుసు. గిడ్డంగుల్ని హద్దు లేకుండా పెంచితే, అంటుకున్న నాడు ఏ ఇంజనూ ఆపలేదని కూడా హెచ్చరించాడు.

ఆ సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో, సెగకు డస్సిపోయిన తన వాళ్లకు బ్రాందీ పంచడానికి ఆయన గోడ పక్కకు వచ్చాడు. గోడ విరుచుకుపడింది. శిథిలాల కింద నుంచి ఆయన్ని బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. మంట పూర్తిగా ఆరడానికి రెండు వారాలు. నష్టం 20 లక్షల పౌన్లని లెక్కగట్టారు. ఆయన శవయాత్ర మైలున్నర పొడవు సాగింది.

దగ్ధమైన గట్టు మీద వ్యాపారులు మళ్లీ కట్టుకున్నారు. ఇప్పుడక్కడ కాటన్స్ సెంటర్ అనే ఆఫీసు భవనం ఉంది, టూలీ స్ట్రీట్‌లో బ్రెయిడ్‌వుడ్ పేరున శిలాఫలకం ఉంది. నగరమంతటికీ దళాన్ని పోషించడం ఇక మా వల్ల కాదని బీమా కంపెనీలు చేతులెత్తేశాక, 1865లో చట్టం వచ్చింది. మరుసటేడు ప్రజల సొమ్ముతో నడిచే అగ్నిమాపక దళం ఏర్పడింది. అది ఆయన బతికుండగా జరగాల్సిన పని.