రక్తపు పోటు - దాని తోడి రోగములు

పందొమ్మిదవ శతాబ్దము చివరివరకు రోగి రక్తపు పోటును తెలిసికొనుటకు వైద్యునికి నాడి పట్టి చూచుటయే ముఖ్య సాధనముగా నుండెను. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ దండకు చుట్టు గాలిపట్టీకి పాదరసపు గొట్టమును జతపరచి, సులభమైన కొలసాధనమును తయారుచేసెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్, పట్టీకి దిగువను ధమనిలో వినవచ్చు చప్పుళ్ళనుబట్టి పై అంకెను, క్రింది అంకెను కూడ నిర్ణయించు విధానమును చూపెను.

కొలత దొరికిన పిదప క్రొత్త ప్రశ్న పుట్టెను. పోటు హెచ్చినవారిలో పలువురికి ఇతర రోగములు కూడ ఏల వచ్చుచున్నవి? 1923లో స్వీడన్ వైద్యుడు కిలిన్, అధికమైన పోటు, రక్తములో చక్కెర హెచ్చుట, యూరిక్ ఆమ్లము హెచ్చుట అను మూడును ఒకేచోట కూడివచ్చుట గమనించి వ్రాసెను. 1947లో ఫ్రాన్సు వైద్యుడు వాగ్, క్రొవ్వు ఎంత యున్నదను దానివలెనే ఎచ్చట చేరినదనుట కూడ ముఖ్యమనియు, శరీరపు పైభాగమున చేరిన క్రొవ్వు మధుమేహమునకు తావిచ్చుననియు చెప్పెను.

అయినను పోటు విషయమున ఉపేక్ష తొలగలేదు. వయసుతో పోటు పెరుగుట సహజమనియే అనేకులు తలచిరి. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు ఏండ్ల తరబడి అధికమైన పోటుతో బాధపడి, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై మరణించెను. 1948లో ఆ దేశపు ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 5,209 మంది స్త్రీపురుషులను ఏండ్ల తరబడి పరీక్షించు పని ప్రారంభమయ్యెను. అధికమైన పోటు, కొలెస్టరాల్ గుండెజబ్బునకు ముందు నడచు ఆపదలని 1961 నాటికి దానివలన తేలినది.

ఈ పోగులన్నిటిని పేనినవాడు అమెరికా వైద్యుడు రీవెన్. 1988లో ఆయన చేసిన ఉపన్యాసము ప్రకారము, వీటిలో పెక్కింటికి మూలము ఇన్సులినుకు శరీరము సరిగా లొంగకపోవుట. అపుడు క్లోమము మరింత ఇన్సులినును స్రవించును. దానివలన మూత్రపిండములు ఉప్పును నిలువచేయుటయు, కాలేయమునుండి క్రొవ్వు రక్తములోనికి హెచ్చుగా వచ్చుటయు జరుగవచ్చును. దీనికే పిదప మెటబాలిక్ సిండ్రోము అను పేరు స్థిరపడెను. పోటు పెరుగుటకు ఇతర కారణములును కలవు.

2009లో పలు సంస్థలు ఒక ఒప్పందమునకు వచ్చినవి. నడుము చుట్టుకొలత మితిమీరుట. ట్రైగ్లిసరైడులు 150 మిల్లీగ్రాములు, అంతకు మించుట. మేలుచేయు కొలెస్టరాల్ పురుషులలో 40కి, స్త్రీలలో 50కి తగ్గుట. పోటు 130/85కు చేరుట. పరగడుపున చక్కెర 100కు చేరుట - ఈ అయిదింటిలో ఏ మూడున్నను ఆ స్థితి యున్నట్లే. దక్షిణాసియావాసుల నడుమునకు హద్దు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లని 2005లోనే సూచింపబడినది. ఐరోపా పురుషులకు అది 94.

మనలో బొజ్జ కలిమికి గురుతని చెప్పుకొనుట కలదు. ఈ చరిత్ర దానికి వేరొక అర్థము చెప్పుచున్నది. పోటు హెచ్చినదని తెలిసినవారు ఆ అంకెతో తృప్తిపడక చక్కెరను, క్రొవ్వును పరీక్ష చేయించుకొనుట, నడుమును కొలిపించుకొనుట అవసరము. తోడివచ్చు రోగములను తొలినాడే పట్టుకొనినచో, మితాహారము, నడక, తగిన మందులతో గుండెకు, మెదడునకు రానున్న ఆపదను చాలవరకు తగ్గింపవచ్చును.