బియ్యం ధర అందరికీ, ఓటు కొందరికే

2022 జూలైలో కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి దూసుకెళ్లారు. ఆ వీడియోలు చూసి 'ఇంతకుముందెప్పుడైనా ఇలా జరిగిందా?' అని మా కుర్రాళ్లు అడిగారు. నాకు 1953 గుర్తొచ్చింది.

ఆ ఏడాది సిలోన్ ప్రభుత్వం రేషన్ బియ్యం ధరను కొలతకు 25 సెంట్ల నుంచి 70 సెంట్లకు పెంచింది. బడిపిల్లల భోజనానికీ కోత పెట్టింది. ఆగస్టు 12న హర్తాళ్. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. మంత్రివర్గం ఓడరేవులోని బ్రిటిష్ యుద్ధనౌకలో తలదాచుకుని సమావేశమైంది. అక్టోబరులో ప్రధాని డడ్లీ సేనానాయకే గద్దె దిగాడు.

ప్రజలు గెలిచారు. కానీ ఏ ప్రజలు?

కొండల్లో తేయాకు తోటలున్నాయి. బ్రిటిష్ కాలంలో తమిళ నేల నుంచి తరలించిన ఆ కూలీల్లో ఎక్కువమంది దళితులు. 1948 పౌరసత్వ చట్టం వాళ్లను పరాయివాళ్లను చేసింది. మరుసటి ఏడాది ఓటూ పోయింది. వాళ్లు కోసిన ఆకు అమ్మితే వచ్చిన విదేశీ మారకంతో దేశం బియ్యం కొనేది. ఆ బియ్యం ధర పెంచినవాణ్ని ఓడించే ఓటు మాత్రం వాళ్లకు లేదు.

మిత్రులారా, 'ప్రజల ఆగ్రహం' అని ఎవరు రాసినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఆ లెక్కలో మనవాళ్లు ఉన్నారా?