నిలిపిన బండికి నిలకడ

బండిని నడపుట యొక విద్య. నిలుపుట మరియొక విద్య. రాత్రి బండిలోనే పండుకొనువానికి ఈ రెండవ విద్యయే ముఖ్యము.

మన పెనుకొండ సీమకు ప్రయాణపు బసలు క్రొత్తవి కావు. 1565లో తళ్ళికోట యుద్ధమైన పిమ్మట తిరుమలదేవరాయలు విజయనగరమును విడిచి పెనుకొండను రాజధానిగా చేసికొనెను. 1800లో దత్తమండలములు ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో, 1807 వరకు ఊరూరు తిరుగుచు పెక్కుదినములు డేరాలలోనే గడపెను. గవర్నరైన పిమ్మటను పర్యటన మానక, 1827లో పత్తికొండయందు కన్నుమూసెను. మంచి బాటలు లేని యా కాలమున లంబాడీలు ఎద్దుల వీపులమీద సరకులు తోలెడివారు. బాటలు పడినకొలది బండ్లు హెచ్చినవి. హిందూపురపు సంతకు బెల్లమును, చింతపండును మోసిన బండియే త్రోవలో బండివానికి ఇల్లును, మంచమును నయ్యెను.

రెండు చక్రముల బండి ఇరుసుమీద త్రాసువలె ఊగును. ఎద్దులను విప్పినచో ముందునకు వాలును. వెనుక బరువు హెచ్చినచో నొగలు పైకి లేచును. కావున తెలిసిన బండివాడు ఎద్దులను విప్పకముందే చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు వెనుకల ఊతకర్రలు నిలిపి, ఆపైన కాడి విప్పును. బరువు మోయుట ఎద్దుల పని. కర్ర నిలుపుట మాత్రమే తన పని.

నేటి మోటారు ఇంటికిని ఇదియే సూత్రము. దాని పెట్టె స్ప్రింగులమీద నుండును గాన లోన మనుష్యుడు నడచినప్పుడెల్ల కదలును. కొందరు మూలలనున్న ఊతకాళ్లతోనే బండినంతయు ఎత్తి సమము చేయజూతురు. అది వృథాశ్రమ, అపాయము కూడ. సామాన్యముగా ఆ కాళ్లు ఊపు నాపుటకే గాని బండి నెత్తుటకు కావు. పైగా మర బలమును మిగుల్చును గాని చుట్లను మిగుల్పదు; ఎత్తవలసిన యెత్తు తగ్గిననే చుట్లు తగ్గును.

కావున మొదట సమమైన చోటు వెదకవలెను. పల్లపు ప్రక్క చక్రము ముందర ఏటవాలు దిమ్మ నుంచి, బండిని ఇంజనుతోనే దానిపై కెక్కింపవలెను. పిమ్మట చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. కడపట వెడల్పైన పలకలమీదికి కాళ్లను దింపి, ఊపు తగ్గునంతవరకే బిగింపవలెను. పలక లేనిచో వానకు నానిన నేలలో కాలు దిగబడును.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయమున ఒక స్తంభము అడుగున యాత్రికులు గుడ్డ దూర్చి యావలకు లాగుదురు. పదునారవ శతాబ్దపు రాతిమండపమున నది వింత. మోటారు ఇంటి క్రింద నది లోపము. నేల నంటని కాలు ఊపు నాపజాలదు. అందుచే పండుకొనుటకు ముందు నాలుగు కాళ్లను మరల నొకసారి చేతితో తాకి చూడవలెను. తెల్లవారి బయలుదేరునప్పుడు కాళ్లను ముందుగ నెత్తి, అడ్డుదిమ్మలను కడపట తీయవలెను.