వికాష్ ధొరాసూ: ఫ్రాన్స్ తరఫున ప్రపంచకప్ ఆడిన తెలుగు మూలాల ఫుట్‌బాలర్.. బెంచ్‌పై కూర్చునే సినిమా తీసేశాడు!

2006 జులై 9. జర్మనీ రాజధాని బెర్లిన్. ఫ్రాన్స్, ఇటలీ మధ్య ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్. ఆ రాత్రి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే.. జినెదిన్ జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మటెరాజీ ఛాతీపై గుద్దడం, రెడ్ కార్డు చూసి కప్పు పక్కనుంచే తలొంచుకుని వెళ్లిపోవడం. కానీ అదే రాత్రి ఫ్రాన్స్ బెంచ్‌పై 8వ నంబర్ జెర్సీతో ఇంకో ఆటగాడు కూర్చుని ఉన్నాడు. పిలుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. అతడి పేరు వికాష్ రావు ధొరాసూ.

పేరు చూస్తేనే తెలిసిపోతోంది కదా. పుట్టింది ఫ్రాన్స్‌లో, తల్లిదండ్రులది మారిషస్, మూలాలేమో తెలుగు నేలవి. ప్రపంచకప్ మైదానంలో అడుగుపెట్టిన భారత సంతతి ఆటగాళ్లను వేళ్లపై లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఇతనొకడు. ఉత్తరాంధ్రలో క్రీడలంటే వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు, ఆమదాలవలస కరణం మల్లీశ్వరి గుర్తొస్తారు. ధొరాసూ గురించి మాత్రం మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువే.

ఇంతకీ ఎవరీ ధొరాసూ? మన తీరానికీ, యూరప్ ఫుట్‌బాల్‌కీ లింకు ఎలా కుదిరింది?

ఓడెక్కిన తెలుగువాళ్లు

ఈ కథ 19వ శతాబ్దంలో మొదలవుతుంది. బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకు తోటల్లో పనిచేసేవాళ్లు కరవయ్యారు. దాంతో 1834 నుంచి భారతీయులను ఒప్పందం మీద కూలీలుగా తీసుకెళ్లడం మొదలుపెట్టారు బ్రిటిష్ పాలకులు. దశాబ్దాల పాటు సాగిన ఈ వలసలో దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ దీవికి చేరారు. బిహార్ వాళ్లు, తమిళులు, మరాఠీలతో పాటు తెలుగువాళ్లూ ఓడెక్కారు.

ఆ తెలుగువాళ్లలో ఎక్కువమంది గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల వాళ్లు. ఇప్పుడు మనం శ్రీకాకుళం, విజయనగరం అంటున్న ఊళ్లు అప్పట్లో ఆ పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల్లోనే ఉండేవి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. గోదావరి మొగ దగ్గరి కొరింగ రేవు నుంచి ఓడలు వెళ్లడంతో మారిషస్‌లో తెలుగువాళ్లకు 'కొరింగీలు' అన్న పేరు కూడా పడింది.

తరాలు మారాయి. ఇంట్లో మాట క్రియోల్ అయింది, ఫ్రెంచ్ అయింది. కానీ దేవుళ్లు మాత్రం మారలేదు. మారిషస్ తెలుగువాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. రామభజనం పెడతారు. 'అమ్మవారు' అని కాకుండా 'అమ్మోరు' అనడం వింటే చాలు, ఆ మాట ఏ తీరం నుంచి వెళ్లిందో ఉత్తరాంధ్ర వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా ఆ దేశంలోనే.

అలాంటి ఇండో-మారిషన్ తెలుగు కుటుంబం ధొరాసూ వాళ్లది. తల్లిదండ్రులు మారిషస్ నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లి ఉత్తర తీరంలోని ఓడరేవు నగరం ల హావ్ర్ దగ్గర స్థిరపడ్డారు. 1973 అక్టోబర్ 10న పక్కనే ఉన్న హార్‌ఫ్లర్ పట్టణంలో వికాష్ పుట్టాడు. పెరిగింది ల హావ్ర్‌లోని కోక్రియోవిల్ అనే శ్రమజీవుల కాలనీలో. బంతి తన్నడం నేర్చుకున్నదీ అక్కడే.

ల హావ్ర్ నుంచి లియోన్‌కు..

1872 నాటి చరిత్ర ఉన్న ల హావ్ర్ క్లబ్ ఫ్రాన్స్‌లోకెల్లా పాతదని పేరు. కుర్రాళ్లను వెతికి పట్టుకుని ఆటగాళ్లుగా తయారుచేయడంలో దిట్ట. ధొరాసూ 1993లో ఆ క్లబ్ సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఎత్తు చూస్తే అయిదున్నర అడుగులు. కండబలంతో నెట్టుకొచ్చే రకం కాదు. బంతి కాలికి అతుక్కుపోయినట్టు ఉంచుకోవడం, ఇరుకులోంచి పాస్ ఇవ్వడం.. ఇవే అతడి ఆయుధాలు. మిడ్‌ఫీల్డ్‌లో ఆట నడిపించేవాడన్నమాట.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ఫ్రాన్స్ పంపిన యువ జట్టులో ధొరాసూ ఉన్నాడు. ఆ జట్టు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. కోచ్ రేమండ్ డొమెనెక్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.. పదేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

1998లో లియోన్ క్లబ్‌కు మారాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్ సీనియర్ జట్టులో తొలి మ్యాచ్ ఆడాడు. అయితే అప్పుడు ఫ్రాన్స్ ప్రపంచ చాంపియన్. జిదాన్, దెషాం, పెటీ, వియెరా ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో కొత్తవాడికి చోటెక్కడిది? జాతీయ జట్టు తలుపు అప్పటికి మూసుకుపోయింది.

క్లబ్‌లోనూ అదృష్టం దోబూచులాడింది. 2001-02 సీజన్‌కు లియోన్ అతడిని బోర్డో క్లబ్‌కు అప్పుగా ఇచ్చింది. సరిగ్గా అదే సీజన్‌లో లియోన్ తన చరిత్రలో తొలిసారి లీగ్ టైటిల్ కొట్టింది! ధొరాసూ మాత్రం బోర్డోలో ఉన్నాడు. అక్కడ లీగ్ కప్ దక్కడం ఒక్కటే ఊరట. తిరిగొచ్చాక 2002-03, 2003-04 సీజన్లలో లియోన్‌తో వరుసగా రెండు లీగ్ టైటిళ్లు అందుకున్నాడు.

మిలాన్‌లో ఏడాది.. ఇస్తాంబుల్ రాత్రి

2004లో ధొరాసూకు ఇటలీ నుంచి పిలుపొచ్చింది. పిలిచింది ఏసీ మిలాన్. యూరప్‌లో అతి పెద్ద క్లబ్‌లలో ఒకటి. కోచ్ కార్లో ఆంచెలోటి. ఆటగాళ్లేమో మాల్దీని, పిర్లో, గట్టూసో, సీడోర్ఫ్, కాకా, షెవ్‌చెంకో. అలాంటి జట్టులో అవకాశం దొరకడమే గొప్ప. తుది జట్టులో నిలదొక్కుకోవడం ఇంకా కష్టం. ధొరాసూ ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గానే ఉండిపోయాడు.

2005 మే 25న ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. లివర్‌పూల్‌పై తొలి సగంలోనే మిలాన్ 3-0 ఆధిక్యం. ఇక కప్పు మనదే అనుకున్నారంతా. రెండో సగంలో ఆరు నిమిషాల వ్యవధిలో లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టేసింది. చివరికి పెనాల్టీల్లో గెలిచింది. ఫుట్‌బాల్ అభిమానులు ఇప్పటికీ మర్చిపోని మ్యాచ్ అది. ధొరాసూ దాన్ని మిలాన్ బెంచ్‌పై నుంచి చూశాడు. ముగ్గురు సబ్‌స్టిట్యూట్లు దిగారు, వాళ్లలో అతడు లేడు.

పారిస్‌లో పండగ

అదే ఏడాది వేసవిలో పారిస్ సెయింట్ జెర్మైన్ అంటే పీఎస్‌జీకి మారాడు. ఇక్కడ మళ్లీ రెగ్యులర్‌గా ఆడాడు. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? బద్ధ శత్రువు మార్సెయ్. పీఎస్‌జీ 1-0తో ముందుంది. రెండో సగం మొదలవగానే ధొరాసూ దూరం నుంచి కొట్టిన షాట్ నేరుగా వలలో పడింది. ఆ తర్వాత మార్సెయ్ ఒక గోల్ కొట్టినా, స్కోరు 2-1 దగ్గరే ఆగింది. అంటే కప్పు తెచ్చిపెట్టిన గోల్ ధొరాసూదే.

జాతీయ జట్టులోనూ రోజులు మారాయి. 2004లో సీనియర్ జట్టు కోచ్‌గా డొమెనెక్ వచ్చాడు. కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ ధొరాసూ ఆట తెలిసినవాడు. వెంటనే వెనక్కి పిలిచాడు. ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లలో అవకాశాలిచ్చాడు. 2005 అక్టోబర్ 12న సైప్రస్‌పై 4-0తో గెలిచి ఫ్రాన్స్ ప్రపంచకప్ బెర్త్ ఖాయం చేసుకుంది. ఆ నాలుగింటిలో ఒక గోల్ ధొరాసూ కొట్టాడు. దేశం తరఫున అతడి ఏకైక గోల్ అదే.

పావుగంట ప్రపంచకప్

2006 జూన్‌లో ధొరాసూ జర్మనీ వెళ్లాడు. వయసు 32. ఇదే మొదటి ప్రపంచకప్, బహుశా ఆఖరిది కూడా. అది అతడికీ తెలుసు.

తొలి మ్యాచ్ జూన్ 13న స్టుట్‌గార్ట్‌లో, స్విట్జర్లాండ్‌తో. చివరి నిమిషాల్లో మైదానంలోకి దిగాడు. మ్యాచ్ 0-0 డ్రా. రెండోది జూన్ 18న లైప్‌జిగ్‌లో, దక్షిణ కొరియాతో. మళ్లీ ఆఖర్లోనే పంపారు. 1-1 డ్రా. రెండూ కలిపితే పావుగంట అటూఇటూ.

అంతే.. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆడలేదు. టోగో, స్పెయిన్, బ్రెజిల్, పోర్చుగల్.. ఫ్రాన్స్ ఒక్కో జట్టునూ దాటుకుంటూ ఫైనల్‌కు వెళ్లింది. జట్టు గెలిచే కొద్దీ తుది పదకొండు మందిని మార్చాల్సిన అవసరం డొమెనెక్‌కు కనిపించలేదు. కోచ్ కోణంలో చూస్తే తప్పు పట్టలేం. కానీ బెంచ్ మీద కూర్చున్నవాడి సంగతి? జట్టు గెలిస్తే చప్పట్లు కొట్టాలి. తాను ఆడనందుకు బాధపడకూడదు. పడినా బయటికి కనిపించకూడదు.

ధొరాసూ ఆ బాధను దాచుకోలేదు. కెమెరాలో పెట్టేశాడు.

'సబ్‌స్టిట్యూట్'.. ఎవరూ తీయని సినిమా

ప్రపంచకప్‌కు వెళ్లే ముందు అతడి మిత్రుడు, దర్శకుడు ఫ్రెడ్ పూలే ఓ చిన్న సూపర్-8 కెమెరా చేతికిచ్చాడు. అక్కడ ఏం జరిగితే అది తియ్యమన్నాడు. ధొరాసూ తీశాడు. హోటల్ గది, ఖాళీ కారిడార్లు, బస్సు కిటికీ, గడవని మధ్యాహ్నాలు. గోల్స్ ఉండవు. సంబరాలు ఉండవు. ఎదురుచూపులే ఉంటాయి.

'సబ్‌స్టిట్యూట్' పేరుతో ఈ సినిమా 2007లో విడుదలైంది. తనను నమ్మిన కోచే తనను పక్కన పెట్టాడన్న నొప్పి సినిమా అంతా కనిపిస్తుంది. ప్రతి జట్టులోనూ ఆడని ఆటగాళ్లు ఉంటారు. కానీ వాళ్ల ప్రపంచకప్ ఎలా గడుస్తుందో లోపలి నుంచి చూపించిన ఆటగాడు అంతకు ముందు కనిపించడు.

క్లబ్ నుంచి గెంటివేత

ప్రపంచకప్ నుంచి తిరిగొచ్చాక పారిస్‌లోనూ పరిస్థితి బెడిసికొట్టింది. పీఎస్‌జీ కోచ్ గీ లాకోంబ్‌తో పొసగలేదు. తనకు జరుగుతున్నదాని గురించి పత్రికలో బహిరంగంగా మాట్లాడాడు ధొరాసూ. క్లబ్ ఊరుకోలేదు. 2006 అక్టోబర్‌లో ఏకంగా కాంట్రాక్ట్ రద్దు చేసి పంపించేసింది. ఫ్రాన్స్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఆటగాడిని ఇలా తొలగించడం చాలా అరుదు. కప్పు తెచ్చిన గోల్ కొట్టి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు!

ఆ తర్వాత ఇటలీలోని లివోర్నో క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నా ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడకుండానే బయటికొచ్చేశాడు. 2008లో ఆటకు గుడ్‌బై చెప్పాడు.

ఆట ఆగింది.. నోరు ఆగలేదు

రిటైరయ్యాక కొన్నాళ్లు పోకర్ టోర్నీలు ఆడాడు. స్వలింగ సంపర్కులపై వివక్షకు వ్యతిరేకంగా పనిచేసిన 'పారిస్ ఫుట్ గే' క్లబ్‌కు అండగా నిలబడ్డాడు. అప్పట్లో ఫుట్‌బాలర్లు ఆ విషయం మాట్లాడటానికే జంకేవాళ్లు. డబ్బు, గెలుపు తప్ప ఇంకేం లేకుండా పోతున్న ఆటలో సరదాను తిరిగి తేవాలంటూ 'తతాన్' అనే ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 2017లో ఆత్మకథ రాశాడు. 2020 పారిస్ నగర ఎన్నికల్లో వామపక్షం తరఫున 18వ డివిజన్‌లో నిలబడ్డాడు. గెలవలేదు.

తెలుగు నేలకు ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదీ. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు ఎంపికైంది. కానీ ప్రపంచకప్ మైదానం దాకా వెళ్లిన తెలుగు మూలాల ఆటగాడు మన ఊళ్ల నుంచి కాకుండా, ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయిన కుటుంబం నుంచి వచ్చాడు.

ఇంకో విశేషం. మారిషస్‌లో ఒప్పంద కూలీలు ఓడ దిగిన చోటును 'ఆప్రవాసీ ఘాట్' అంటారు. దాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది కూడా 2006 జులైలోనే. ఒప్పంద కూలీలు దిగిన మెట్లకు ప్రపంచ గుర్తింపు దక్కిన నెలలోనే, ఆ దీవి నుంచి వచ్చిన తెలుగు కుటుంబం కుర్రాడు ప్రపంచకప్ ఫైనల్ బెంచ్‌పై కూర్చుని ఉన్నాడు. దిగి ఆడింది పావుగంటే కావచ్చు. కానీ అక్కడిదాకా వెళ్లడానికి ఆ కుటుంబానికి కొన్ని తరాలు పట్టింది.

ధొరాసూ కెరీర్ ఒక్క చూపులో..

పూర్తి పేరు: వికాష్ రావు ధొరాసూ
జననం: 1973 అక్టోబర్ 10, హార్‌ఫ్లర్, ఫ్రాన్స్
స్థానం: మిడ్‌ఫీల్డర్
క్లబ్‌లు: ల హావ్ర్ (1993-98), లియోన్ (1998-2004), బోర్డో (2001-02, అప్పుగా), ఏసీ మిలాన్ (2004-05), పీఎస్‌జీ (2005-06), లివోర్నో (2007)
ఫ్రాన్స్ తరఫున: 18 మ్యాచ్‌లు, 1 గోల్
ప్రధాన విజయాలు: ఫ్రెంచ్ లీగ్ (2003, 2004), లీగ్ కప్ (2002), ఫ్రెంచ్ కప్ (2006)
ప్రపంచకప్: 2006లో రన్నరప్ జట్టు సభ్యుడు, 2 మ్యాచ్‌లు